కీటోన్ల హైడ్రోజనీకరణ, సపోర్ట్ మీది లోహ ఉత్ప్రేరకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటోక్లేవ్ (ఎక్కువ పీడనం తట్టుకునే మూత బిగించిన పాత్ర) దగ్గర మొదటిసారి నిలబడ్డ విద్యార్థులు, పైలట్ ప్లాంట్‌లో కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇవి. అసిటోన్, బ్యూటనోన్, సైక్లోహెక్సనోన్, అసిటోఫినోన్ లాంటి సాదా కీటోన్ల వరకే మాట్లాడుకుందాం. అందరూ ముందు అడిగేది “ఏ లోహం వాడాలి?” అని. నన్నడిగితే అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలి. హైడ్రోజన్ అసలు ఉత్ప్రేరకం దాకా చేరుతోందా, సపోర్ట్ (లోహ రేణువులను మోసే ఘన పదార్థం) తన సొంత కెమిస్ట్రీ ఏమైనా నడుపుతోందా అన్నవి తేలకుండా లోహాలను పోలిస్తే వచ్చే అంకెలకు పెద్దగా విలువ ఉండదు.

అసలు జరిగే చర్య ఏమిటి?

కీటోన్‌లోని కార్బన్–ఆక్సిజన్ ద్విబంధానికి ఒక హైడ్రోజన్ అణువు చేరి సెకండరీ ఆల్కహాల్ వస్తుంది. అసిటోన్ నుంచి ఐసోప్రొపనాల్, బ్యూటనోన్ నుంచి 2-బ్యూటనాల్, సైక్లోహెక్సనోన్ నుంచి సైక్లోహెక్సనాల్. అంతా సవ్యంగా ఉంటే ఉప ఉత్పత్తి అంటూ ఏదీ ఉండదు, వేసిన ప్రతి పరమాణువూ ఉత్పత్తిలోకే వెళుతుంది.

సోడియం బోరోహైడ్రైడ్ వేస్తే గంటలో అయిపోయే పనికి ఇంత హంగామా ఎందుకు?

ఐదు గ్రాములు కావాలంటే బోరోహైడ్రైడే వాడండి, మొహమాటం అక్కర్లేదు. ఆటోక్లేవ్ బిగించి, లీక్ చూసి, నైట్రోజన్‌తో కడిగేలోపే ఆ పని పూర్తవుతుంది. టన్నుల లెక్కకు వచ్చేసరికి కథ మారుతుంది. బోరోహైడ్రైడ్ ఖరీదైనది. వాడాక బోరేట్ లవణాలు మిగులుతాయి, వాటిని నీళ్ళతో కడిగి వేరు చేయాలి, ఆ నీళ్ళను మళ్ళీ శుద్ధి చేయాలి. ఘన ఉత్ప్రేరకమైతే వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు. ఫిక్స్‌డ్ బెడ్‌లో, అంటే గొట్టంలో కదలకుండా నింపి దాని మీదుగా ద్రవాన్ని పంపేలా పెడితే వడగట్టే పని కూడా ఉండదు.

సరే, ఏ లోహం?

అసిటోన్ లాంటి సరళ శృంఖల కీటోన్లకు, ముఖ్యంగా నీళ్ళలో, నా మొదటి ఓటు రుథీనియానికే. కార్బన్ మీద 5 శాతం రుథీనియం, 50 నుంచి 100 డిగ్రీలు, 10 నుంచి 50 బార్ అంటే మొదటి ప్రయోగానికి చాలావరకు పనికొచ్చే కొలతలు. ప్లాటినం ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా పనిచేస్తుంది. కానీ సపోర్ట్‌ను బట్టి దాని ప్రవర్తన విపరీతంగా మారుతుంది, దాని గురించి కింద విడిగా చెబుతాను.

నికెల్ చవక, సమర్థమైనది. 1897 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో పాల్ సబాతియే, సాందరెన్స్ కలిసి ఇథిలీన్‌ను హైడ్రోజన్‌తో చర్య జరిపింది నికెల్ మీదే. ఈ దారిలో చేసిన పనికే సబాతియేకు 1912లో నోబెల్ వచ్చింది. చాలామంది వాడే రేనీ నికెల్ మాత్రం సపోర్ట్ మీది ఉత్ప్రేరకం కాదు. నికెల్–అల్యూమినియం మిశ్రమ లోహం నుంచి అల్యూమినియాన్ని క్షారంతో కరిగించి తీసేస్తే మిగిలే స్పాంజి లాంటి నికెల్ అది. రిపోర్టులో రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి పోల్చేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

రాగి నెమ్మది. హైడ్రోజన్ అణువును విడగొట్టడంలో అది బలహీనం కాబట్టి 120 నుంచి 200 డిగ్రీల దాకా వెళ్ళాల్సి వస్తుంది. అయితే బెంజీన్ వలయం జోలికి పోదు, కార్బన్–కార్బన్ బంధాలను తెంచదు. 1930లలో హోమర్ ఆడ్కిన్స్ ప్రాచుర్యంలోకి తెచ్చిన కాపర్ క్రోమైట్ ఈ కుటుంబానిదే. క్రోమియం విషప్రభావం వల్ల ఇప్పుడు దాని బదులు రాగి–జింక్ ఆక్సైడ్, రాగి–సిలికా లాంటివి వాడుతున్నారు.

పల్లాడియం దగ్గర జాగ్రత్త. ఆల్కీన్లకు ఇంత గొప్పగా పనిచేస్తోంది కదా, కీటోన్లకు కూడా చేస్తుందిలే అనుకుంటారు. సాదా అలిఫాటిక్ (బెంజీన్ వలయం లేని) కీటోన్ల మీద అది చాలా మందకొడి. పరిశ్రమ ఈ బలహీనతనే లాభంగా మార్చుకుంది. ఫినాల్‌ను పల్లాడియం మీద హైడ్రోజనీకరిస్తే చర్య సైక్లోహెక్సనోన్ దగ్గర దాదాపు ఆగిపోతుంది, ఆల్కహాల్ దాకా త్వరగా పోదు.

అసిటోఫినోన్ లాంటి ఆరోమాటిక్ (బెంజీన్ వలయం ఉన్న) కీటోన్లకూ ఇదే లెక్కా?

కాదు, ఇక్కడ జాబితా తలకిందులవుతుంది. వలయం పక్కనున్న కార్బోనైల్‌ను (కార్బన్–ఆక్సిజన్ ద్విబంధాన్ని) పల్లాడియం హాయిగా ఆల్కహాల్ చేస్తుంది. చిక్కేమిటంటే అక్కడితో ఆగదు. 1-ఫినైల్ ఇథనాల్ నుంచి ఆక్సిజన్‌ను కూడా పీకేసి ఇథైల్ బెంజీన్ దాకా తీసుకుపోతుంది, కొంచెం ఆమ్లం ఉంటే మరీను. కొద్దిగా క్షారం వేస్తే ఈ రెండో మెట్టు నెమ్మదిస్తుంది. రోడియం, రుథీనియం వాడితే వలయం కూడా హైడ్రోజన్ తీసుకుని 1-సైక్లోహెక్సైల్ ఇథనాల్ వస్తుంది. ఆల్కహాల్ మాత్రమే కావాలి, వలయం చెక్కుచెదరకూడదు అంటే రాగి మంచిది. ప్రొపిలీన్ ఆక్సైడ్, స్టైరీన్ కలిపి తయారుచేసే ప్లాంట్లలో ఉప ఉత్పత్తిగా వచ్చే అసిటోఫినోన్‌ను రాగి ఉత్ప్రేరకం మీదే ఆల్కహాల్‌గా మార్చి, దాన్ని నిర్జలీకరించి స్టైరీన్‌గా రాబట్టుకుంటారు.

ఉపరితలం మీద ఏం జరుగుతుంది?

హైడ్రోజన్ అణువు లోహం మీద రెండు పరమాణువులుగా విడిపోతుంది. కీటోన్ రెండు రకాలుగా కూర్చోగలదు. ఒకటి, ఆక్సిజన్ కొసతో మాత్రమే ఆని నిలువుగా ఉండటం. రెండోది, కార్బన్, ఆక్సిజన్ రెండూ లోహాన్ని తాకేలా పక్కకు వాలి పడుకోవడం. తర్వాత హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటిగా చేరతాయి. ఈ “ఒకటి తర్వాత ఒకటి” అన్న ఆలోచన 1934లో హోరియుటి, పొలాన్యీ ఆల్కీన్ల కోసం చెప్పింది. కీటోన్లకూ అదే చట్రం వాడుతున్నాం.

మొదటి హైడ్రోజన్ ఎక్కడ చేరుతుంది అన్నదే అసలు తగవు. కార్బన్‌కు చేరితే ఆల్కాక్సీ ఏర్పడుతుంది, దాని ఆక్సిజన్ లోహానికి అతుక్కుని ఉంటుంది. ఆక్సిజన్‌కు చేరితే హైడ్రాక్సీ ఆల్కైల్. ఏ దారి అన్నది లోహాన్ని బట్టి, ద్రావణిని బట్టి మారుతుంది. కాబట్టి “కీటోన్ హైడ్రోజనీకరణ యంత్రాంగం” అని ఒకే బొమ్మ గీసి అన్ని లోహాలకూ అంటగట్టకండి.

నీళ్ళు ద్రావణిగా వాడితే రుథీనియం వేగం పెరుగుతుందంటారు. నిజమేనా? ఎందుకు?

నిజమే. రుథీనియానికి ఆక్సిజన్ అంటే మక్కువ ఎక్కువ. ఆల్కాక్సీ ఏర్పడితే దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, రెండో హైడ్రోజన్ చేరడానికి అవరోధం పెరుగుతుంది. నీటి అణువులు పక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో ఆక్సిజన్‌ను తమవైపు లాగుతాయి, హైడ్రోజన్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి అందించడంలో కూడా సాయం చేస్తాయి. దాంతో ఆ అవరోధం తగ్గుతుందని క్వాంటం లెక్కలు చెబుతున్నాయి. ప్లాటినం, పల్లాడియం ఆక్సిజన్‌ను అంత గట్టిగా పట్టుకోవు కాబట్టి వాటికి నీళ్ళ వల్ల ఇంత లాభం ఉండదు. హెక్సేన్‌లో లోహాలను పోల్చి ఇచ్చిన వరుస క్రమం నీళ్ళలో నిలబడకపోవడానికి కారణం ఇదే.

సపోర్ట్ అంటే లోహాన్ని మోసే పళ్ళెం లాంటిదేనా?

ఆ భావనతోనే సగం తప్పులు జరుగుతాయి. సపోర్ట్ చేసే పనులు కనీసం మూడు ఉన్నాయి.

లోహ రేణువులను దూరదూరంగా, చిన్నవిగా ఉంచడం అందరికీ తెలిసినదే. రెండు మూడు నానోమీటర్ల రేణువులు నిలబడాలంటే ఉపరితల వైశాల్యం, దాన్ని పట్టి ఉంచే స్థానాలు రెండూ కావాలి.

రెండోది, సపోర్ట్‌కు సొంత ఆమ్లత్వం, క్షారత్వం ఉంటాయి. అల్యూమినా మీద ఆమ్ల స్థానాలు ఉంటాయి. మెగ్నీషియా క్షార స్వభావం గలది. ఈ రెండూ కీటోన్ మీద పనిచేస్తాయి, లోహంతో నిమిత్తం లేకుండా. సిలికా, కార్బన్ కొంత తటస్థమైనవి. కార్బన్‌ను మాత్రం పూర్తిగా నమ్మకండి. ఏ ముడి పదార్థంతో చేశారు, ఏ ఆమ్లంతో కడిగారు అన్నదాన్ని బట్టి ఒక కంపెనీ కార్బన్‌కూ మరో కంపెనీ కార్బన్‌కూ హస్తిమశకాంతరం ఉండొచ్చు. ఒకే పేరుతో రెండు సీసాలు వచ్చినంత మాత్రాన రెండూ ఒకటే అనుకోవద్దు.

మూడోది అసలు ఆసక్తికరమైనది. టైటానియా మీద ప్లాటినం పెట్టి, 500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో క్షయకరణం చేస్తే, కొంత క్షయకరణ చెందిన టైటానియం ఆక్సైడ్ రేణువుల పైకి పాకి లోహాన్ని కొంతమేర కప్పేస్తుంది. లోహం–సపోర్ట్ బలమైన పరస్పర చర్య అని 1978లో టౌస్టర్, ఆయన సహచరులు పేరు పెట్టింది దీనికే. లోహం కప్పుకుపోతే వేగం తగ్గాలి కదా? అసిటోన్ విషయంలో మాత్రం ఒక్కో ఉపరితల ప్లాటినం పరమాణువుకు లెక్కగట్టిన వేగం సిలికా మీది ప్లాటినం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. లోహమూ ఆక్సైడూ కలిసే అంచు దగ్గర టైటానియం అయాన్ కార్బోనైల్ ఆక్సిజన్‌ను పట్టుకుంటే, పక్కనున్న ప్లాటినం హైడ్రోజన్ అందిస్తుందన్నది దీనికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇలా కప్పుకుపోయిన లోహం హైడ్రోజన్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను తక్కువగా పీల్చుకుంటుంది. ఆ పీల్చుకున్న కొలతతోనే ఉపరితల పరమాణువులను లెక్కపెడితే భాగహారంలో కింది అంకె చిన్నదై, జవాబు లేనిపోని పెద్దదవుతుంది. టైటానియా మీద అద్భుతమైన టర్నోవర్ (ఒక్కో ఉపరితల లోహ పరమాణువు సెకనుకు మార్చే అణువుల సంఖ్య) చూపించే పేపర్ చదివేటప్పుడు, ఉపరితలాన్ని ఏ పద్ధతిలో కొలిచారో ముందు చూడండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కొలతతో సరిపోల్చారా లేదా అన్నది నేనైతే మొదట వెతుకుతాను.

ఉష్ణోగ్రత పెంచితే మార్పు శాతం తగ్గింది. ఉత్ప్రేరకం చచ్చిపోయిందా?

కాకపోవచ్చు. ఈ చర్య వేడిని వదిలేది, పైగా రెండు అణువులు కలిసి ఒకటయ్యేది. కాబట్టి వేడి పెంచేకొద్దీ సమతాస్థితి వెనక్కి జరుగుతుంది. వాయు స్థితిలో అసిటోన్ నుంచి ఐసోప్రొపనాల్‌కు మోల్‌కు సుమారు 55 కిలోజౌళ్ళు వెలువడతాయి. ఎంట్రోపీ మార్పు మోల్‌కు, కెల్విన్‌కు సుమారు మైనస్ 117 జౌళ్ళు. ఈ రెంటితో లెక్కవేస్తే, అసిటోన్, హైడ్రోజన్ సమాన మోల్స్‌లో 1 బార్ దగ్గర తీసుకుంటే, 100 డిగ్రీల వద్ద గరిష్ఠంగా 85 శాతం దాకా మారుతుంది. 200 డిగ్రీల వద్ద 30 శాతం దగ్గరే ఆగుతుంది. అదే 200 డిగ్రీల్లో పీడనాన్ని 10 బార్‌కు పెంచితే 70 శాతం దాకా వెళుతుంది. ప్రపంచంలోని ఏ లోహమూ ఈ గీత దాటించలేదు.

నిర్ధారించుకోవడం తేలికే. మళ్ళీ తక్కువ ఉష్ణోగ్రతకు వచ్చి చూడండి. పాత మార్పు శాతం తిరిగి వస్తే సమతాస్థితే కారణం. రాకపోతే అప్పుడు ఉత్ప్రేరకాన్ని అనుమానించాలి.

ఈ వెనక్కి జరిగే గుణాన్నే వాడుకుని ఐసోప్రొపనాల్‌ను 300 డిగ్రీలు దాటిన ఉష్ణోగ్రతల్లో అసిటోన్‌గా మార్చే పాత పారిశ్రామిక పద్ధతి కూడా ఉంది. ఐసోప్రొపనాల్‌ను 80 డిగ్రీల దగ్గర విడగొట్టి, 200 డిగ్రీల దగ్గర మళ్ళీ కలిపి, తక్కువ స్థాయి వేడిని పై స్థాయికి ఎక్కించే రసాయన హీట్ పంపు మీద కూడా చాలా పని జరిగింది.

పీడనం ఎంత పెట్టాలి? కలపడం వేగం అంత ముఖ్యమా?

ఈ ఒక్క ప్రశ్నకు సరైన సమాధానం తెలిస్తే సగం ప్రాజెక్టులు గట్టెక్కుతాయి. చిన్న లెక్క చూడండి. 25 డిగ్రీల దగ్గర 1 బార్ హైడ్రోజన్ కింద ఒక లీటరు నీళ్ళలో కరిగే హైడ్రోజన్ సుమారు 0.8 మిల్లీమోల్స్. 10 బార్ పెడితే 8 మిల్లీమోల్స్. మీ ద్రావణంలో లీటరుకు ఒక మోల్ అసిటోన్ ఉందనుకుందాం. అది మొత్తం మారాలంటే ఒక మోల్ హైడ్రోజన్ కావాలి, అంటే 1000 మిల్లీమోల్స్. ద్రవంలో ఎప్పుడు చూసినా ఉండేది 8 మాత్రమే. కాబట్టి ఆ కొద్దిపాటి నిల్వ ఖాళీ అవుతూ, నిండుతూ సుమారు 125 సార్లు మారాలి. ఆ నింపే పని చేసేది మీ స్టిర్రర్. అది నెమ్మదిగా తిరిగితే మీరు కొలుస్తున్నది ఉత్ప్రేరకం వేగం కాదు, వాయువు ద్రవంలోకి దిగే వేగం.

సేంద్రీయ ద్రావణుల్లో హైడ్రోజన్ నీళ్ళకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరుగుతుంది. అక్కడ పరిస్థితి కాస్త నయమే గానీ సమస్య మాయమైపోదు. అయస్కాంతపు ముక్క వేసి తిప్పే గాజు పాత్రలో రెండు లోహాలను పోల్చి, “రెండూ ఒకే వేగం” అని తేల్చేయడం మాత్రం వద్దు. రెండూ హైడ్రోజన్ అందక ఆకలితో మాడుతుంటే ఒకేలా కనిపించక ఏం చేస్తాయి?

అలా మాడుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ముందు స్టిర్రర్ వేగం పెంచి చూడండి. నిమిషానికి 600 నుంచి 1200 చుట్లకు పెంచినా వేగం మారకపోతే కొంత ఊరట. తర్వాత ఉత్ప్రేరకాన్ని సగం చేయండి. ద్రవంలో వేగం కూడా సరిగ్గా సగమవ్వాలి. సగానికి తగ్గించినా వేగం దాదాపు అలాగే ఉంటే, వాయువు దిగడమే అడ్డంకి.

రేణువు లోపలి సంగతి వేరు. దానికి ఉత్ప్రేరకాన్ని మెత్తగా నూరి జల్లెడ పట్టి చూడాలి. నూరాక వేగం పెరిగితే, ముందు రంధ్రాల లోపలి లోహం చాలావరకు ఊరికే కూర్చుందని అర్థం. క్రియాశీలక శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అవరోధం) కూడా ఒక సూచన. కీటోన్ చర్యకు కొలిచినప్పుడు మోల్‌కు 20 కిలోజౌళ్ళ లాంటి అంకె వస్తే సంబరపడకండి, అది చాలావరకు వ్యాపనం చెబుతున్న మాట. రంధ్రాల లోపలి వ్యాపనం గట్టిగా అడ్డుపడితే అసలు విలువలో దాదాపు సగమే కనిపిస్తుంది.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే మాడన్, బూడార్ట్ అనే పరిశోధకులు చెప్పింది ఉంది. ఒకే సపోర్ట్ మీద, ఒకే రేణు పరిమాణంతో, లోహ శాతం మాత్రం వేర్వేరుగా ఉన్న రెండు ఉత్ప్రేరకాలు చేసి చూడాలి. ఉపరితల లోహం ఎంత పెరిగితే వేగమూ అంతే పెరగాలి. చేయడానికి ఓపిక కావాలి. అయినా ఒక థీసిస్‌లో ఈ ఒక్క గ్రాఫ్ ఉంటే మిగతా అంకెలన్నింటినీ నేను వెంటనే నమ్ముతాను.

టర్నోవర్ ఫ్రీక్వెన్సీ ఎలా లెక్కించాలి?

100 మిల్లీగ్రాముల 5 శాతం రుథీనియం–కార్బన్ తీసుకున్నారనుకోండి. అందులో లోహం 5 మిల్లీగ్రాములు, అంటే 0.0495 మిల్లీమోల్స్. అందులో 40 శాతం పరమాణువులే ఉపరితలం మీద ఉన్నాయనుకుంటే 0.0198 మిల్లీమోల్స్. అరగంటలో 10 మిల్లీమోల్స్ కీటోన్ మారింది. 10ని 0.0198తో భాగించి, దాన్ని 1800 సెకన్లతో భాగిస్తే సెకనుకు 0.28.

లెక్క ఇంతే. ఎటొచ్చీ ఆ అరగంటలో కీటోన్ 90 శాతం అయిపోయి ఉంటే ఈ అంకెకు అర్థం లేదు. ఎందుకంటే చివరి పది నిమిషాలు ఉత్ప్రేరకం దాదాపు ఖాళీగానే ఉంది. మార్పు 10, 15 శాతం దాటకముందు తీసిన నమూనాలతోనే వేగం కట్టాలి.

కీటోన్ గాఢత రెట్టింపు చేసినా వేగం పెరగలేదు. ఎందుకు?

ఉపరితలం అప్పటికే కీటోన్‌తో నిండిపోయి ఉంది కాబట్టి. ఎక్కువ గాఢతల దగ్గర కీటోన్ క్రమాంకం (గాఢత మారితే వేగం ఎంత మారుతుందో చెప్పే ఘాతం) సున్నాకు దగ్గరగా ఉండటం మామూలే. హైడ్రోజన్ క్రమాంకం సాధారణంగా అర నుంచి ఒకటి మధ్య వస్తుంది. వేగం కావాలంటే పీడనం పెంచండి, కీటోన్ కాదు.

ఆల్కహాల్‌తో పాటు ఏవేవో శిఖరాలు కనిపిస్తున్నాయి. ఏమై ఉంటాయి?

గ్యాస్ క్రొమటోగ్రఫీలో (మిశ్రమంలోని ఒక్కో పదార్థాన్ని ఒక్కో శిఖరంగా చూపే పరీక్షలో) అసిటోన్ చర్య మిశ్రమం చూస్తున్నారనుకుందాం. కాస్త ఆలస్యంగా ఒక శిఖరం వస్తే ముందు మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్‌ను అనుమానించండి. రెండు అసిటోన్ అణువులు సపోర్ట్ మీది ఆమ్ల లేదా క్షార స్థానాల దగ్గర కలిసి డయాసిటోన్ ఆల్కహాల్ అవుతాయి. అది నీళ్ళు వదిలి మెసిటైల్ ఆక్సైడ్ అవుతుంది. దాని కార్బన్–కార్బన్ ద్విబంధానికి లోహం హైడ్రోజన్ అందించగానే ఈ కొత్త కీటోన్ సిద్ధం. ఇది మీకు చెత్త కావచ్చు, ఒకరికి ఇదే సరుకు. ఆమ్ల రెజిన్ మీద పల్లాడియం పెట్టి ఒకే అడుగులో దీన్ని తయారుచేసే పారిశ్రామిక పద్ధతి ఉంది. కార్బోనైల్‌ను అంతగా పట్టించుకోని పల్లాడియం అక్కడ సరిగ్గా సరిపోతుంది.

వేడి ఎక్కువై, ఆమ్లత్వం కూడా ఉంటే ఆల్కహాల్ నీళ్ళు వదిలి ప్రొపీన్, ఆ తర్వాత ప్రొపేన్ అవుతుంది. డైఐసోప్రొపైల్ ఈథర్ కూడా రావచ్చు. ప్రొపేన్ వాయువు గనుక ద్రవ నమూనాలో కనిపించదు. కార్బన్ లెక్క (వేసిన కార్బన్‌లో తిరిగి లెక్కకు దొరికిన శాతం) 100కు బదులు 88 దగ్గర ఆగితే పైనున్న వాయువును కూడా విశ్లేషించండి.

మెథనాల్ ద్రావణిగా వాడితే, కాస్త ఆమ్లం తగిలినా కీటోన్, మెథనాల్ కలిసి కీటాల్ ఏర్పడుతుంది. అల్యూమినా నుంచి సిలికాకు మారితే ఈ గొడవల్లో చాలావరకు తగ్గుతాయి. లోహం లేని ఉత్త సపోర్ట్‌తో ఒక ప్రయోగం చేసి పెట్టుకుంటే ఏ శిఖరం ఎవరి పుణ్యమో తేలిపోతుంది.

ఐసోప్రొపనాల్‌ను ద్రావణిగా వాడొచ్చా?

సైక్లోహెక్సనోన్ లాంటివాటికి వాడొచ్చు. కానీ ఐసోప్రొపనాల్ తన హైడ్రోజన్‌ను తానే ఇచ్చి అసిటోన్‌గా మారగలదు. అందుకని హైడ్రోజన్ బదులు నైట్రోజన్ నింపి ఒకసారి నడిపి చూడండి. అసిటోన్‌ను హైడ్రోజనీకరించే ప్రయోగానికి మాత్రం వద్దే వద్దు, వచ్చిన ఉత్పత్తిని దేన్నుంచి వేరుచేసి లెక్కపెడతారు?

ఉత్ప్రేరకం మేమే చేసుకోవాలంటే?

అన్నింటికన్నా సులువైనది రంధ్రాల ఘనపరిమాణానికి సరిపడా ద్రావణం తాగించే పద్ధతి. గ్రాము సిలికా ఎంత నీళ్ళు తాగుతుందో ముందు చూసుకోండి. చుక్క చుక్కగా వేస్తూ గాజు కడ్డీతో కలుపుతుంటే చాలాసేపు పొడిపొడిగానే ఉంటుంది. ఒక్కసారిగా కడ్డీకి అంటుకుని ముద్దలు కట్టడం మొదలైతే అదే హద్దు. అంతే ఘనపరిమాణంలో లోహ లవణాన్ని కరిగించి అదే తీరున తాగించాలి. తర్వాత నెమ్మదిగా ఆరబెట్టాలి. తొందరపడి ఆరబెడితే లవణం రేణువు అంచులకు చేరి అక్కడే పేరుకుంటుంది.

ప్లాటినానికి క్లోరోప్లాటినిక్ ఆమ్లం, రుథీనియానికి రుథీనియం క్లోరైడ్ వాడటం మామూలు. క్లోరైడ్ అడుగంటా పోదు, మిగిలినది హైడ్రోజన్ పీల్చుకునే కొలతను చెడగొడుతుంది. వీలుంటే నైట్రేట్ తరహా లవణాలు మేలు.

రుథీనియాన్ని గాలిలో కాల్చకండి. ఆక్సైడ్ పెద్ద పెద్ద స్ఫటికాలుగా ఎదుగుతుంది, ఇంకా వేడెక్కితే విషపూరితమైన రుథీనియం టెట్రాక్సైడ్ ఆవిరిగా పోతుంది. కార్బన్ సపోర్ట్ అయితే లోహం ఉన్నందువల్ల అనుకున్నదానికన్నా ముందే అంటుకుంటుంది. ఆరబెట్టి నేరుగా హైడ్రోజన్‌లో క్షయకరణం చేయడమే మంచిది. నికెల్‌కు మాత్రం 400 నుంచి 500 డిగ్రీలు అవసరం. రాగిని 300 డిగ్రీలు దాటించి ఎక్కువసేపు ఉంచితే రేణువులు కలిసిపోయి పెద్దవవుతాయి.

రెండోసారి వాడితే చురుకు తగ్గింది.

లోహం కరిగి ద్రవంలోకి పోయిందా, రేణువులు పెద్దవయ్యాయా, ఏదైనా కప్పేసిందా అన్నవి మూడూ విడివిడిగా చూడాలి. మొదటిదానికి చర్య మధ్యలో, వేడిగా ఉండగానే వడగట్టి, ఆ ద్రవాన్ని మళ్ళీ హైడ్రోజన్ కింద నడపండి. ఉత్ప్రేరకం లేకుండా కూడా చర్య సాగితే లోహం కరిగిపోతోందన్నమాట. వడగట్టిన ద్రవంలో లోహం ఎంతుందో కొలిచి రూఢి చేసుకోండి. రెండోదానికి మైక్రోస్కోపు. మూడోదానికి కారణాలు రకరకాలు. కీటోన్ ముడి సరుకులో ఉన్న గంధకం అన్ని లోహాలకూ విషమే. ప్లాటినం మీద కీటోన్ కొంత విచ్ఛిన్నమై వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కూడా స్థానాలను ఆక్రమిస్తుంది.

ఇంకో సాదా కారణం కూడా ఉంది. వడగట్టేటప్పుడు కొంత పొడి ఫిల్టర్ పేపర్‌కు అంటుకుపోతుంది. రెండోసారి తీసుకున్న ఉత్ప్రేరకాన్ని తూకం వేయకుండా “చురుకు 15 శాతం తగ్గింది” అని రాసే పేపర్లు తక్కువేం కాదు. పైగా ప్రతిసారీ 100 శాతం మార్పు దగ్గరే పోల్చి “ఐదుసార్లు వాడినా తగ్గలేదు” అంటే అది ఏమీ చెప్పదు. అవసరానికి మించి వేసిన ఉత్ప్రేరకం సగం చచ్చినా 100 శాతమే వస్తుంది.

వచ్చే ఆల్కహాల్ ఒకే కైరల్ రూపంలో (ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉండే రెండు రూపాల్లో ఒక్కటిగా) వస్తుందా?

రాదు. బ్యూటనోన్ నుంచి రెండు రూపాలూ సమానంగా వస్తాయి. లోహం మీద కైరల్ అణువు ఏదైనా అతికిస్తే కొన్ని ప్రత్యేక కీటోన్లకు ఎంపిక వస్తుంది. టార్టారిక్ ఆమ్లం పట్టించిన నికెల్ బీటా కీటో ఎస్టర్లకు, సింకోనా ఆల్కలాయిడ్ పట్టించిన ప్లాటినం ఆల్ఫా కీటో ఎస్టర్లకు బాగా పనిచేస్తాయి. సాదా కీటోన్లకు అంత పట్టు దొరకదు. అక్కడ జపాన్ రసాయన శాస్త్రవేత్త నొయోరి తరహా కరిగే రుథీనియం సంక్లిష్టాలదే పైచేయి.

ప్రమాదాల సంగతి?

గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం మధ్య ఎంతున్నా అంటుకోగలదు. దానికి కావలసిన నిప్పురవ్వ శక్తి 0.02 మిల్లీజౌళ్ళ దగ్గర ఉంటుంది, అంటే మనకు తెలియనంత చిన్న స్థిర విద్యుత్తు చాలు. అసిటోన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) మైనస్ 20 డిగ్రీలు. ఈ రెండిటి మధ్య పొడి ఉత్ప్రేరకం పెట్టామంటే నిప్పును మనమే పిలిచినట్టు. పాత్రలో ముందు నైట్రోజన్ నింపి, ఉత్ప్రేరకం వేసి, ఆ తర్వాతే ద్రావణి పోయాలి. మెథనాల్ ఆవిరి మీద పొడి పల్లాడియం–కార్బన్ చల్లడం వల్ల జరిగే మంటలు ల్యాబుల్లో కొత్త కాదు. వాడిన ఉత్ప్రేరకం హైడ్రోజన్ పట్టుకుని ఉంటుంది, ఫిల్టర్ మీద పూర్తిగా ఆరనివ్వకూడదు. తడిగానే తీసి నీళ్ళలో ఉంచాలి.

ల్యాబ్‌లో బాగా నడిచింది. అదే పద్ధతి పెద్ద రియాక్టర్‌లో పెట్టొచ్చా?

వేడి లెక్క చూడకుండా వద్దు. ద్రవ స్థితిలో అసిటోన్ మోల్‌కు దాదాపు 70 కిలోజౌళ్ళు వదులుతుంది. నీళ్ళలో బరువు ప్రకారం 10 శాతం అసిటోన్ ఉంటే, కిలో ద్రావణంలో 1.7 మోల్స్, వెలువడే వేడి సుమారు 120 కిలోజౌళ్ళు. బయటికి ఏమీ పోకపోతే ఉష్ణోగ్రత 30 డిగ్రీల దాకా పెరుగుతుంది. ఇది భరించదగ్గది. ద్రావణి లేకుండా శుద్ధ అసిటోన్‌నే పెడితే కాగితం మీద లెక్క 400 డిగ్రీలు దాటుతుంది. నిజంగా అంత దూరం పోదు, మధ్యలో సమతాస్థితి అడ్డుపడుతుంది. కానీ ద్రవం మరిగి పీడనం ఎగబాకడానికి అందులో పావు వంతు చాలు.

యాభై మిల్లీలీటర్ల ఆటోక్లేవ్‌కు గోడల వైశాల్యం ఎక్కువ, వేడి దానంతట అదే పోతుంది. వెయ్యి లీటర్లకు అలా పోదు. అందుకే పెద్ద ఎత్తున చేసేటప్పుడు ఉత్పత్తయిన ఆల్కహాల్‌నే కొంత వెనక్కి తిప్పి కీటోన్‌ను పలచన చేస్తారు. లేదా కీటోన్‌ను కొద్దికొద్దిగా పంపుతూ, అది వెళ్ళే వేగంతోనే చర్యను అదుపులో ఉంచుతారు. హైడ్రోజన్ వాల్వ్ మూసేస్తే, పాత్రలో మిగిలినది అయిపోగానే చర్య ఆగిపోవడం ఇక్కడున్న పెద్ద వెసులుబాటు. ద్రవంలో కరిగి ఉన్నది ఎంత తక్కువో పైన చూశాం కదా. స్టిర్రర్ ఆపితే కూడా వాయువు దిగడం బాగా తగ్గుతుంది, కానీ చల్లబరిచే గొట్టాలకు వేడి అందడం కూడా దాంతోపాటే పడిపోతుంది. కాబట్టి అత్యవసరంలో ముందు మూయాల్సింది వాల్వ్, స్టిర్రర్ తిరుగుతూనే ఉండాలి.

పరిశ్రమలో సాదా కీటోన్లను ఇలా ఎక్కడ మారుస్తున్నారు?

క్యుమీన్ పద్ధతిలో (బెంజీన్, ప్రొపీన్ కలిపి చేసిన క్యుమీన్‌ను ఆక్సీకరించి ఫినాల్ తీసే పద్ధతిలో) ఫినాల్ తయారైన ప్రతి టన్నుకూ సుమారు 0.6 టన్నుల అసిటోన్ తప్పనిసరిగా వస్తుంది. ఫినాల్‌కు గిరాకీ ఉండి అసిటోన్‌కు లేనప్పుడు ఆ మిగులును ఐసోప్రొపనాల్‌గా మార్చి అమ్ముతారు. దాన్ని నిర్జలీకరించి ప్రొపీన్‌గా వెనక్కి తెచ్చి, బెంజీన్‌తో కలిపి మళ్ళీ క్యుమీన్ చేసుకునే దారి కూడా ఉంది.